నాన్న తాకి చూసిన సిమెంటు

పోయిన ఏడాది రిటైరయ్యేదాకా ప్రతి మార్చిలో నా టేబుల్ మీదికి ఒక ఫారం వచ్చేది. "అధ్యాపకుల సృజనాత్మక కృషి, సాధించిన విజయాలు" అని పైన పెద్ద అక్షరాలు. కింద అన్నీ గళ్లే. ఎన్ని పేపర్లు అచ్చయ్యాయి, ఎన్ని సెమినార్లకు వెళ్లారు, అవార్డులు జాతీయమా అంతర్జాతీయమా, సర్టిఫికెట్ నకలు జతపరచండి. కెమిస్ట్రీ చెప్పేవాళ్లకీ, బొమ్మలు నేర్పే మాకూ అదే ఫారం. ఒక ఏడాది మా కొలీగ్ ఒకాయన పిల్లల్ని వెంటేసుకుని ఊళ్లో ఒక గోడ మీద ముప్పై అడుగుల బొమ్మ వేశాడు. అది ఏ గడిలో రాయాలో తేలక రెండు రోజులు ఆఫీసు చుట్టూ తిరిగి, ఆఖరికి "ఇతరములు" అన్నచోట రాశాడు. దానికి మార్కుల్లేవు.

ఆ ఫారం నింపడానికి కూర్చున్నప్పుడల్లా నాకు శాంతినికేతన్ గుర్తొచ్చేది. అక్కడ నేను చదివిన బొమ్మల కాలేజీ, కళాభవన్ మాస్టర్లకి ఇదే ఫారం ఇస్తే ఏం రాసేవారా అని నాలో నేనే నవ్వుకునేదాన్ని. ఇప్పుడు ఫారం బాధ తీరింది కనక, తీరిగ్గా ఆ మాటలు రాసుకుందామని కూర్చున్నాను.

మాది రాజమండ్రి. నాన్న హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. బడి అయ్యాక చనిపోయినవాళ్ల ఫొటోలు పెద్దవి చేసి గీసిచ్చేవారు. చిన్న ఫొటో మీద పెన్సిల్‌తో గళ్లు గీసుకుని, పెద్ద కాగితం మీద అవే గళ్లు వేసుకుని, ఒక్కో గడే నింపుకుంటూ పోవడం. మా ఇంటి వరండాలో ఎప్పుడూ ఎవరో ఒక పోయినాయన సగం మొహంతో ఆరుతూ ఉండేవాడు. ఆదివారాలు మాత్రం నన్ను దామెర్ల రామారావు గ్యాలరీకి తీసుకెళ్లేవారు. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, 1925లో, మశూచితో పోయిన మనిషి అన్ని బొమ్మలు ఎలా వేశాడని నాన్న ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే ఆశ్చర్యపోయేవారు. 'పుష్పాలంకరణ' ముందు నిలబడితే మాత్రం మాట ఆగిపోయేది. పాత 'భారతి' సంచికల్లోంచి కత్తిరించిన రంగుల బొమ్మలు కొన్ని ఆయన ట్రంకుపెట్టెలో ఉండేవి. పండగకి కూడా బయటికి తీయనిచ్చేవారు కాదు.

ఇంటర్ అయ్యాక నేను శాంతినికేతన్ వెళ్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. "బొమ్మల కోసం అంత దూరమా? ఇక్కడ గోడలు లేవా, కాగితాలు లేవా?" అంది. నాన్న ఒక్క ముక్క చెప్పారు. "రాజ్యాంగానికి బొమ్మలేసినాయన నడిపిన బడే అది." అమ్మకి నందలాల్ బోస్ తెలీదు కానీ రాజ్యాంగం అంటే కోర్టంత గౌరవం. ఆ మాటతో మెత్తబడింది. నాన్న చెప్పింది నిజమే. 1919లో మొదలైన కళాభవన్‌ని నందలాల్ 1951 దాకా నడిపించారు. చేతిరాత రాజ్యాంగ ప్రతిలో ఇరవై రెండు భాగాల మొదట్లో కనిపించే బొమ్మలు ఆయన, ఆయన శిష్యులు కలిసి వేసినవే.

1983లో మద్రాస్–హౌరా మెయిలెక్కి, హౌరాలో దిగి, అక్కణ్ణుంచి బోల్‌పూర్ చేరేసరికి నేను సగం మనిషినయ్యాను. బెంగాలీ రాదు. హిందీ అంతంతమాత్రం. నా పేరులో ఉన్న 'అ'లన్నీ వాళ్ల నోట్లో 'ఓ'లయి, నన్ను పిలుస్తున్నారని తెలుసుకోవడానికే వారం పట్టింది. మొదటిరోజు క్లాసులో మాస్టార్ని "సార్" అన్నాను. పిల్లలంతా నా వైపు చూశారు. అక్కడ మాస్టర్లు దా, టీచర్లు దీ. అంటే అన్నయ్య, అక్కయ్య అన్నట్టు. తెల్లగడ్డం పెద్దాయన్ని పట్టుకుని "అన్నయ్యా" అనడానికి నాకు నోరు రాలేదు. రాజమండ్రిలో డ్రాయింగ్ మాస్టారు ఎదురైతే సైకిల్ దిగి నిలబడే ఊరి పిల్లని మరి! కొన్నాళ్లు ఎవర్నీ ఏమీ పిలవకుండా, ఎదురుగా వెళ్లి నిలబడి మాట్లాడి నెగ్గుకొచ్చాను.

సెలవు ఆదివారం కాదు, బుధవారం. ఇదీ అలవాటు కావడానికి చాలాకాలం పట్టింది. ఆదివారం పొద్దున్న తలంటుకుని తీరిగ్గా జుట్టు ఆరబెట్టుకుంటూ క్లాసు పోగొట్టుకున్న రోజులున్నాయి.

అక్కడికెళ్లాక నాకు ముందుగా తెలిసిందేమిటంటే, మాస్టర్లు వేసిన బొమ్మలు చూడ్డానికి ఎక్కడికీ వెళ్లనక్కర్లేదు. నడిచే దారిలో అవే, కూర్చునే గోడకి అవే. పాత హాస్టల్లో ఒక గది పైకప్పు నిండా వినోద్ బిహారీ ముఖర్జీ 1940లో వేసిన బీర్‌భూమ్ పల్లె ఉంది. మధ్యలో చెరువు, చుట్టూ చెట్లు, ఇళ్లు, మనుషులు, పశువులు. మెడ నొప్పెట్టేదాకా తలెత్తి చూసి, లాభం లేదని నేలమీద వెల్లకిలా పడుకున్నాను. చెరువు నెత్తిమీద, నేను అడుగున. తలుపు దగ్గర నిలబడ్డ సీనియర్ ఒకమ్మాయి నవ్వలేదు. తనూ వచ్చి పక్కన పడుకుంది.

నల్లిల్లు ఒకటుంది, కాలో బాడీ అంటారు. మట్టి గోడలకి తారు పూసిన ఇల్లు. 1930ల్లో మాస్టర్లూ పిల్లలూ కలిసి కట్టి, గోడల మీద మట్టితోనే ఉబ్బెత్తు బొమ్మలు చేశారు. భర్హుత్ స్తూపం, ఈజిప్టు, అస్సీరియా శిల్పాల పోలికలన్నీ ఒకే ఇంటి గోడల మీద. అందులో మగపిల్లలు ఉండేవారు. తడి లుంగీలు ఆ బొమ్మల పక్కనే ఆరుతుండేవి. మా ఊళ్లో అయితే చుట్టూ కమ్మీలు పెట్టి, లోపలికి పోకూడదని బోర్డు పెట్టేవాళ్లం. ఏది మంచిదో నేను ఇప్పటికీ తేల్చి చెప్పలేను. తాళం వేస్తే బతుకుతుంది. కానీ అందులో కాపురం ఉండకపోతే అది వేరే వస్తువయిపోతుంది.

రామ్‌కింకర్ బైజ్ అనే శిల్పి, వినోద్ బిహారీ ఇద్దరూ 1980లోనే పోయారు. నేను మూడేళ్లు ఆలస్యంగా చేరాను. ఈ లెక్క తల్చుకుంటే నాకు ఇప్పటికీ ఉక్రోషమే. అయితే అక్కడ ఎవరూ వాళ్లని పోయినవాళ్లలా మాట్లాడేవారు కాదు. టీ కొట్టు దగ్గర కింకర్‌దా కథలు చెప్పనివాడు లేడు. వానాకాలంలో గడ్డికప్పు కారుతుంటే, తను వేసిన ఆయిల్ పెయింటింగుల్నే తీసి చూరుకింద అడ్డం పెట్టాడట. నూనె రంగులు కనక నీళ్లు దిగవు, దానికదే మంచిదన్నాడట. మొదట ఇది పిల్లల కల్పన అనుకున్నాను. ఆ మాట ఆయన నోటితోనే ఋత్విక్ ఘటక్ తీసిన డాక్యుమెంటరీలో ఉందని తర్వాత తెలిసింది. ఆ కాన్వాసులకి ఇవాళ వేలంలో పలికే ధర తలుచుకుని కొందరు నిట్టూరుస్తారు. ఆ రాత్రి ఇల్లు కారలేదు కదా అని నాకనిపిస్తుంది.

వినోద్ బిహారీ సంగతి వేరు. ఆయనకి పుట్టుకతోనే ఒక కంటికి చూపు లేదు, రెండోది బాగా దగ్గరకి పెట్టుకుంటే తప్ప కనపడదు. ఆ చూపుతో 1946, 47ల్లో హిందీ భవన్ గోడల మీద మధ్యయుగపు భక్తుల్ని చిత్రించారు. డెబ్భై అడుగులకు పైనే పొడవు. తడి సున్నం మీద రంగు వేసే పద్ధతి అది. గచ్చు పచ్చిగా ఉండగానే రంగు పడాలి, ఆ తర్వాత దిద్దుకోవడానికి లేదు. అందుకని ఏ రోజు పని ఆ రోజే ముగియాలి. మామూలుగా అయితే ముందు నిలువెత్తు కాగితాల మీద గీసుకుని గోడకి దించుతారు. ఆయన అదీ చేయలేదు. నేరుగా గోడ మీదికే వెళ్లారు.

మా కళాచరిత్ర మాస్టారు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లి ఏమీ చెప్పకుండా గంట కూర్చోబెట్టారు. నాకు చిరాకేసింది. రాసుకుందామని నోట్సు తెచ్చుకున్నాను మరి. అరగంట గడిచాక ఆ బొమ్మ కదలడం మొదలుపెట్టింది. ఒక నది పోతున్నట్టు మనుషులు ఒకరి భుజం మీదుగా ఒకరు సాగుతుంటారు. ఇక్కడ కబీర్, అక్కడ సూర్‌దాస్, ఆవల తులసీదాస్, గురు గోవింద్ సింగ్. గుంపులో రామానుజుల్ని చూసి నాకు మావాళ్లెవరో రైలు దిగినట్టు ప్రాణం లేచొచ్చింది. ఆ డెబ్భై అడుగుల్నీ ఒక్కసారిగా ఏనాడూ చూడలేని మనిషి, ముక్కు గోడకి ఆనించి చేసిన పని అది. మా నాన్న గళ్లు గుర్తొచ్చాయి. నాన్న ఒక్కో గడీ నింపుతూ పోతే ఒక మొహం వస్తుంది. ఈయనకి గళ్లు కూడా లేవు. మొత్తం ఎక్కడ పెట్టుకున్నాడో ఏమో!

పదేళ్ల తర్వాత, 1957లో, కంటి ఆపరేషన్ వికటించి ఉన్న చూపూ పోయింది. ఆయన మళ్లీ కళాభవన్‌కి వచ్చి పాఠాలు చెప్పారు. కాగితాలు మడిచి కత్తిరించి బొమ్మలు చేశారు. 1972లో కళాభవన్ గోడకి టైల్స్‌తో పెద్ద చిత్రం చేయించారు. అదే ఏడాది ఆయన పాత శిష్యుడు సత్యజిత్ రే ఆయన మీద చిన్న డాక్యుమెంటరీ తీశాడు. మేమంతా మధ్యాహ్నాలు ఆ టైల్స్ గోడ దగ్గరే మురీ తింటూ కూర్చునేవాళ్లం, మురీ అంటే మన మరమరాలే. చూపున్నప్పుడు చేసినదానికీ పోయాక చేసినదానికీ మధ్య నాకు ఒక తేడా కనిపించేది. ఈ గోడ మీద మనుషులు చాలా ధైర్యంగా, మొహమాటం లేకుండా నిలబడి ఉంటారు. తడుముకుంటూ చేసినవాడి పనిలో తడబాటు ఉండాలి కదా, అదే లేదు.

ఆల్పన సంగతి చెప్పకపోతే ఎలా? వృక్షారోపణ ఉత్సవానికి నేల మీద ఆల్పన వెయ్యాలి. బియ్యప్పిండి నీళ్లలో కలిపి, గుడ్డముక్క అందులో ముంచి గుప్పిట్లో పట్టుకుని, ఉంగరం వేలి మీదుగా జారవిడుస్తూ గీస్తారు. నందలాల్ కూతురు గౌరీ భంజ ఏళ్ల తరబడి దీన్ని అక్కడ నేర్పారు. ఆడవాళ్లు వాకిట్లో వేసుకునేదాన్ని యూనివర్సిటీలో పాఠం చేశారు. నాకు పొంగిపోయింది. ముగ్గుల్లో నన్ను మించినవాళ్లు మా వీధిలోనే లేరు, ఇక్కడెవరుంటారు అనుకున్నాను. ధనుర్మాసం నెల్లాళ్లూ వేసిన చెయ్యి. చకచకా పదిహేను చుక్కలు, ఒకటి తగ్గిస్తూ పెట్టేశాను. మా దీదీ పక్కన కూర్చుని చూసి, "ఇవేమిటి?" అనడిగింది. చుక్కలన్నాను. "ఎందుకు?" అంది. దానికి జవాబేముంది? చుక్కలు లేనిదే ముగ్గెలా వస్తుంది? "చెరిపేసి వెయ్యి" అంది. చెరిపేశాను. చెయ్యి కదల్లేదు. తెల్లటి గుప్పిట పట్టుకుని పావుగంట అలాగే కూర్చున్నాను, కళ్లనిండా నీళ్లు. చుట్టూ బెంగాలీ పిల్లలు తీగలు, తామరలు ఎక్కడా ఆగకుండా పాకించేస్తున్నారు.

తర్వాత అలవాటైంది. కానీ ఇప్పుడు ఒక ఒప్పుకోలు. ఇప్పటికీ కాగితం మీద ఏం గీయాలన్నా నా కంటికి మాత్రమే కనపడేలా చుక్కలు పెట్టుకుంటాను. దీదీకి చెప్పలేదు.

నేనున్న అయిదేళ్లలో అక్కడ నేర్పినవాళ్లూ తక్కువవాళ్లు కారు. శిల్పంలో శర్బరీ రాయ్ చౌధురి. బడే గులాం అలీ ఖాన్ తల, అలీ అక్బర్ ఖాన్ తల చేసినాయన. సంగీతం మీద ప్రాణం పెట్టే మనిషి. చివరి ఏడాదిలో జోగెన్ చౌధురి వచ్చారు. సోమ్‌నాథ్ హోర్ అప్పటికి క్లాసులు మానేశారు గానీ గ్రాఫిక్స్ విభాగంలో ఏ మూల చూసినా ఆయన మాటే. చిట్టగాంగ్‌లో పుట్టి, 1943 కరువు కళ్లారా చూసిన మనిషి. కాగితం గుజ్జుని అచ్చుల్లో ఒత్తి 'గాయాలు' అని ఒక వరస చేశారు. తెల్ల కాగితం మీద తెల్లటి గాయం. రంగు లేదు, సిరా లేదు, ఒళ్లు కోసుకున్నట్టు ఒక చీలిక, అంతే. వియత్నాం ప్రజల కోసం ఆయన చేసిన పెద్ద కంచు 'తల్లీబిడ్డ'ని 1977లో, పూర్తయిన కొన్నాళ్లకే, కళాభవన్‌లోంచి ఎవరో ఎత్తుకుపోయారు. మళ్లీ దొరకలేదు. ఆ ఖాళీ గురించి పిల్లలు గొంతు తగ్గించి మాట్లాడేవారు. తలుపులు తీసి పెట్టుకునే ఊరికి అదొక దెబ్బ.

ఇక మణిదా, కె.జి. సుబ్రమణ్యన్. కేరళలో కూత్తుపరంబలో పుట్టినాయన. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో ఎకనామిక్స్ చదువుతూ క్విట్ ఇండియాలో జైలుకెళ్లి, 1944లో కళాభవన్‌కి విద్యార్థిగా వచ్చారు. హిందీ భవన్ గోడ దగ్గర వినోద్ బిహారీకి సాయం పట్టిన కుర్రాళ్లలో ఆయనొకడు. ఆ తర్వాత బరోడాలో చాలాకాలం నేర్పారు. మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి వెళ్లిన లక్ష్మా గౌడ్, కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి వైకుంఠం అక్కడ ఆయన శిష్యులే. మనవాళ్ల బొమ్మల్లో ఊరి మనుషులు అంత దర్జాగా నిలబడ్డం వెనక ఆయన చెయ్యి కొంతయినా ఉందని నా నమ్మకం. 1980లో ఆయన తిరిగి శాంతినికేతన్ వచ్చారు. గోడలు, గాజు మీద బొమ్మలు, టెర్రకోట, చెక్కబొమ్మలు, పిల్లల పుస్తకాలు, వ్యాసాలు, ఏదీ ఆయనకి తక్కువ పని కాదు. దూరాన ఆయన నడిచి వెళ్తుంటే మా దక్షిణాది పిల్లలం నలుగురం కారణం లేకుండా నిటారుగా నిలబడేవాళ్లం. దగ్గరికెళ్లి మాట్లాడే ధైర్యం అయిదేళ్లలో నాకు రాలేదు. మూర్ఖత్వం కాకపోతే ఏమిటి!

1986 నవంబరు ఆఖర్న నాన్న వచ్చారు. చేతిసంచీలో కాకినాడ కాజాలు, కొత్తావకాయ సీసా, మెడకి మఫ్లర్. నందలాల్ పుట్టినరోజు డిసెంబరు 3. దానికి ముందు రెండు రోజులు, 1, 2 తేదీల్లో నందన్ మేళా జరుగుతుంది. 1973లో మొదలైన మేళా అది. మాస్టర్లూ పిల్లలూ తలా ఒక చెయ్యి వేసి కాలెండర్లు, గ్రీటింగ్ కార్డులు, మట్టి గిన్నెలు, నగలు, బొమ్మలు చేసి అమ్ముతారు. వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయ నిధికి పోతుంది. పెద్ద పెద్ద పేర్లున్నవాళ్ల చేతి పని చవగ్గా ఇంటికి పట్టుకెళ్లొచ్చు. నేను బాటిక్ రుమాళ్ల దగ్గర కూర్చోవాలి. కాబట్టి నాన్నకి ముందురోజే అన్నీ చూపిద్దామని పొద్దున్నే బయల్దేరదీశాను.

'సంథాల్ కుటుంబం' శిల్పం దగ్గర ఆగారు. 1938లో రామ్‌కింకర్ చేసింది. నిలువెత్తుకి మించిన మనుషులు. మగవాడి భుజాన కావడి, కావడి బుట్టలో బిడ్డ, పక్కన నెత్తిన సామానుతో ఆడమనిషి, కాళ్ల దగ్గర కుక్క. ఇల్లు ఎత్తేసి పనికోసం ఎక్కడికో పోతున్నారు. నాన్న చుట్టూ ఒకసారి తిరిగారు. మఫ్లర్ విప్పి సంచీలో పెట్టుకున్నారు. మళ్లీ తిరిగారు. ఎవరూ చూడటం లేదని చూసుకుని, మెల్లిగా ఆ మగవాడి పిక్క మీద చెయ్యి పెట్టారు.

"సిమెంటేనా అమ్మాయ్ ఇది?"

"సిమెంటే నాన్నా. ఇక్కడి ఎర్ర గులకరాళ్లు కలిపి చేశారు. లోపల ఇనుప చువ్వలు."

"కంచు కాదా?"

"కంచుకి డబ్బులెక్కడివి? ఇవి చేతికి దొరికాయి, చేశారు. చువ్వల చట్రం మీద సిమెంటు ముద్దలు చేత్తో విసిరి విసిరి కొట్టేవారట."

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, మాస్టారి గొంతుతో, "కావడి బరువు ఏ కాలి మీద పడిందో చూడు. వెనక కాలు చూడు. ఇంకో క్షణంలో ఎత్తుతాడు," అన్నారు. మూడేళ్లుగా రోజూ ఆ దారినే సైకిల్ మీద పోతున్నాను. ఆ కాలు నేను చూడలేదు.

'మిల్లు కూత' శిల్పం దగ్గర ఇంకాసేపు. అదీ రామ్‌కింకర్‌దే, 1956 నాటిది. రైస్ మిల్లు సైరన్ విని ఇద్దరు ఆడవాళ్లు పరుగెత్తుతుంటారు, వెనక పిల్లాడు. తడి చీర గాలికి ఎగురుతుంటుంది, ఆరబెట్టుకోవడానికి కూడా టైం లేక పరుగులోనే ఆరబెట్టుకుంటున్నట్టు. "మన పేపర్ మిల్లు సైరన్‌కి ఇలాగే కదమ్మా పరిగెడతారు. ముప్పై ఏళ్లనించి చూస్తున్నాను. పోయినవాళ్ల మొహాలు గీసుకుంటూ కూర్చున్నాను గానీ ఒక్కళ్లనీ గీయలేదు," అన్నారు. మామూలుగా అన్నమాటే. నాకు మాత్రం గొంతులో ఏదో అడ్డం పడింది.

మేళాలో నాన్న పిల్లాడైపోయారు. ఖర్జూర బెల్లంతో చేసిన మిఠాయి తిని, మన ఈత బెల్లంకన్నా ఒక పిసరు మేలేనని తీర్పిచ్చారు. తెల్లగడ్డం మాస్టారొకాయన నేలమీద కూర్చుని పిల్లలతో కలిసి కార్డులకి దారాలు కడుతుంటే, ఆయనెవరో నేను చెప్పగానే గబగబా వెళ్లి నమస్కారం పెట్టి, తనూ కూర్చుని దారాలు కట్టారు. ఒకరికి తెలుగు, ఒకరికి బెంగాలీ. మధ్యలో ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషు. గంటసేపు నవ్వుకుంటూనే ఉన్నారు. పది రూపాయలు పెట్టి ఒక కాలెండరు కొన్నారు. అది మా వంటింట్లో ఎన్నో ఏళ్లు వేలాడింది. దాని బెంగాలీ అంకెల పక్కన అమ్మ పెన్సిల్‌తో ఏకాదశులు, పాలవాడి లెక్కలు రాసుకునేది.

నందలాల్ జీవితమంతా కార్డుల మీద చిన్న చిన్న బొమ్మలు వేసి శిష్యులకి, స్నేహితులకి పంపేవారని ఆ రోజుల్లోనే నాన్నకి చెప్పాను. ఊరెళ్లిన వారానికి నాకొక పోస్టుకార్డు వచ్చింది. అందులో సగం అమ్మ చెప్పిన క్షేమసమాచారం, సగం అమ్మ అప్పడాలు ఆరబెడుతున్న బొమ్మ. గళ్లు లేకుండా గీసింది. ఆ తర్వాత వరసపెట్టి వచ్చాయి. హేవ్‌లాక్ వంతెన, రేవులో బట్టలుతికేవాళ్లు, గట్టు మీద మేక, మిల్లుకి పోయే ఆడవాళ్ల గుంపు. నా దగ్గర నలభై ఒకటి మిగిలాయి. ఇంకా కొన్ని ఉండాలి. ఇల్లు మారినప్పుడల్లా ఒకటో రెండో పోయాయి.

1988లో చదువు ముగించుకుని వచ్చేశాను. ఉద్యోగం కోసం తిరిగిన తిరుగుడు ఇక్కడ రాయను, అందరి కథా ఒకటే. నాన్న రిటైరయ్యే ముందు ఏడాది, వేసవి సెలవుల్లో, హెడ్మాస్టారిని బతిమాలి బడి ప్రహరీగోడ మీద పని మొదలుపెట్టారు. ఎనిమిదీ తొమ్మిదీ చదివే పిల్లలు పది మంది. ఇనుప చువ్వలు పాత సామాన్ల కొట్లోంచి, గులకరాళ్లు గోదావరిలోంచి, సిమెంటు ఒక పిల్లాడి తండ్రి మేస్త్రీ కావడంవల్ల ఉద్దరగా. పడవ లాగుతున్న అయిదుగురు మనుషులు, మోకాలి లోతు నీళ్లు, ముందువాడి భుజం మీద తాడు. పిల్లలు సిమెంటు ముద్దలు విసిరిన ఊపుకి సగం గోడకి, సగం నాన్న చొక్కాకి. నేను సెలవు పెట్టి వెళ్లి నాలుగు రోజులు తట్టలు మోశాను. మణిదా లాంటివాళ్ల పక్కన నిలబెట్టే పని కాదది, నాకు తెలుసు. మూడోవాడి చేతులు మరీ పొడవైపోయాయి, అయిదోవాడికి మెడే లేదు. కానీ ముందువాడి వెనక కాలు బ్రహ్మాండంగా కుదిరింది. ఇంకో క్షణంలో ఎత్తుతాడు.

2003 పుష్కరాలకి రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ గోడ పోయింది. నాన్న పొద్దున్నే వెళ్లి కూర్చుని చూశారట. నాకు ఫోన్లో చెప్పినప్పుడు, గోడ పోయిందనకుండా, "బాగా గట్టిగా ఉందమ్మా, మూడు దెబ్బలు పడితే గానీ కదల్లేదు," అన్నారు.

నాన్న పోయాక ఒకసారి, 2012లో, నందన్ మేళాకి వెళ్లాను. అక్కడ డిజైన్ విభాగం భవనం ఒకటుంది. మణిదా దాని బయటి గోడలన్నిటి మీదా నలుపు తెలుపుల్లో జంతువుల్ని, దేవతల్ని, సగం మనిషి సగం మృగాన్ని, చెట్లని పరిచేశారు. ఆ గోడల మీద తనే ముందెప్పుడో వేసిన బొమ్మల జాగాలో, 2009లో, ఎనభై అయిదేళ్ల వయసులో పరంజా ఎక్కి మొత్తం మళ్లీ కొత్తగా గీశారు. ఉన్నవాటినే దిద్దుకోవచ్చుగా, వేరేవి ఎందుకు గీసినట్టు? తన పాత పనిమీద తనకే అంత మోజు లేకపోవడం ఎలా వస్తుందో! ఆ గోడ చుట్టూ మూడుసార్లు తిరిగాను. ఒక మూల అయిదారుగురు పిల్లలు సైకిళ్లు ఆనించి కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారు. సంథాల్ కుటుంబం దగ్గరికెళ్లి, ఎవరూ చూడకుండా ఆ పిక్క తాకుదామనుకున్నాను. చుట్టూ చాలామంది ఉన్నారు, సిగ్గేసి ఊరుకున్నాను.

రాజమండ్రి ఇల్లు ఇప్పుడు మా తమ్ముడు చూసుకుంటున్నాడు. గోడ పడిన రోజు నాన్న రిక్షాలో ఒక ముక్క ఇంటికి తెచ్చుకున్నారు. ముందువాడి వెనక పాదం, చీలమండ దాకా. గులకరాళ్లు పైకి కనపడుతుంటాయి, బొటనవేలు కొంచెం విరిగింది. కొన్నాళ్లు బల్లమీద పెట్టారు, బరువుకి బల్ల ఊగుతోందని అమ్మ గోల పెట్టింది. అప్పట్నించీ అది వీధి గుమ్మంలోనే ఉంది. గోదావరి గాలికి తలుపు కొట్టుకోకుండా అదే ఆపుతుంది. మొన్న వెళ్లినప్పుడు మా మరదలు, "వదినా, చూసుకుని రండి, చీకట్లో ఆ కాలు తన్నుకుంటారు," అంది.

తన్నుకున్నాను కూడా.